పాతాళగంగ లెక్క

మాది ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఆరెకరాల చేను. అందులో ఇంతవరకు నాలుగు బోర్లు వేశాం. రెండింట్లో దుమ్ము లేచింది. ఒకదానిలో నీళ్ళున్నాయి గాని మోటారుకు చాలవు. నాలుగోది ఒక ఇంచు పోస్తుంది. దాని మీదే మా ఇల్లు, నా చదువు రెండూ నడుస్తున్నాయి.

పోయిన ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి ఐదో బోరుకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగాడు. అది నిలువుగా లేచిన చోట మడమతో గుర్తు పెట్టి, "ఆరునూర్లడుగులు పోతే రెండించులు ఖాయం" అన్నాడు. ఖర్చుకు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాలని అప్పటికే అనుకున్నారు.

నేను ఊరుకోలేక, "మిషనుతో సర్వే చేయించి చూద్దాం నాయనా" అన్నాను.

"అంత సదువుకుంటివి గదా, మీ మిషనుకూ ఈయప్ప టెంకాయకూ తేడా ఏందో చెప్పు" అన్నాడు మా నాయన.

మూడేళ్ళు సైన్సు చదివిన నాకు ఆ పూట జవాబు రాలేదు. తరువాత లైబ్రరీలో, మా లెక్చరర్ల దగ్గర తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో ఈ ప్రశ్న ఉంది గనుక మిత్రులకు పనికొస్తుందని నా ఆశ.

భూమి కింద ఏముంది?

భూమి అడుగున ఏరులాగా జల పారుతుంటుందని, బోరు దానికి తగిలితే చాలని మన ఊళ్ళలో నమ్మకం. "జల తప్పిపోయింది" అనే మాట అందుకే వచ్చింది. కాని మా ప్రాంతంలోనూ, తెలంగాణలో చాలా చోట్లా కింద ఉన్నది గ్రానైటు, నైసు జాతి రాళ్ళు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, కొన్నింటిది అంతకు మించి కూడా. ఇసుక రేణువుల మధ్య ఉన్నట్టు ఈ రాతిలో ఖాళీలు ఉండవు. నీరు నిలిచేది రెండు చోట్లే. పైన ఎండకూ వానకూ మెత్తబడిన గరుసు పొర ఒకటి, దాని కింద పగుళ్ళ పొర మరొకటి. గరుసు పొర కుండ అనుకుంటే పగుళ్ళు దానికి బిగించిన గొట్టాలు. ఆ కిందదంతా అచ్చమైన బండ.

ఇది ఊహ కాదు. హైదరాబాదుకు దక్షిణంగా మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉంది. మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు ప్రభుత్వ భూగర్భ శాస్త్ర సంస్థ కలిసి 1999లో ఏర్పాటు చేసిన ఇండో-ఫ్రెంచి కేంద్రం అక్కడ ఏళ్ళ తరబడి బోర్లను కొలిచింది. నీళ్ళిచ్చే పొరలు అక్కడ ఎక్కువగా మొదటి 130 అడుగుల లోపే ఉన్నాయని తేలింది. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు పలచబడతాయి. లోతున నీళ్ళు పడవని కాదు, పడతాయి. కాని ఆ పగులుకు పై నుంచి నీరు చేరే దారి లేకపోతే కొన్ని నెలలకే బోరు ఒట్టిపోతుంది. ఆరునూర్ల అడుగులు అన్నంత మాత్రాన ఆరు రెట్ల నీళ్ళు రావు!

మిషను ఏం చెబుతుంది?

ఇక సర్వే సంగతి. ఇందులో మాయ ఏమీ లేదు, మనం ఇంటర్మీడియట్‌లో చదివిన ఓం నియమమే. నేలలో ఒకే వరుసలో నాలుగు ఇనుప మేకులు దిగ్గొడతారు. చివరి రెంటి గుండా కరెంటు పంపుతారు. మధ్య రెంటి నడుమ వోల్టేజీ కొలుస్తారు. దాన్ని బట్టి నేల నిరోధకత తెలుస్తుంది. బయటి మేకులను ఎడంగా జరిపేకొద్దీ కరెంటు మరింత లోతుకు పోయి వస్తుంది. పగుళ్ళు లేని బండకు నిరోధకత వేల ఓం-మీటర్లు ఉంటుంది. నీళ్ళు పట్టిన గరుసుకు చాలా తక్కువ. 1910 దశకంలో ఫ్రాన్సులో ష్లంబర్జర్, అమెరికాలో వెన్నర్ దారి చూపిన పద్ధతి ఇది.

ఇక్కడ నిజం చెప్పాలి. మిషను నీళ్ళను చూడదు, రాతి గుణాన్ని చూస్తుంది. బంకమట్టికీ ఉప్పు నీటికీ కూడా నిరోధకత తక్కువే. కాబట్టి సర్వే చేసిన చోట కూడా బోరు తప్పవచ్చు.

మరి టెంకాయకూ దీనికీ తేడా ఏమిటి? టెంకాయ చూపిన చోట నీళ్ళు పడితే ఊరంతా చెప్పుకుంటారు. పడకపోతే ఆ బరువు రైతు ఒక్కడే మోస్తాడు. ఆ తప్పు ఎక్కడా రాసి ఉండదు. సర్వేలో ముందే అంకె కాగితం మీద పడుతుంది. బోరు వేశాక ఆ అంకెకూ లోపల తగిలిన రాతికీ పోల్చుకోవచ్చు. ఎక్కడ తప్పామో తెలిస్తే రెండోసారి దిద్దుకోవచ్చు. తన తప్పును తానే రాసిపెట్టుకోవడమే శాస్త్రం.

ఎవరు కొలుస్తున్నారు?

మన దేశంలో ఈ పని పాతదే. 1851లో బొగ్గు కోసం మొదలైన భారత భూగర్భ సర్వే దేశంలోని రాళ్ళకు పటాలు గీసింది. 1954లో గొట్టపుబావుల అన్వేషణకు ఒక సంస్థ ఏర్పడింది. అదే 1970లో కేంద్ర భూగర్భ జల మండలి అయింది. హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో వచ్చింది. కేంద్ర మండలి దేశమంతటా పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తుంది. 2012లో మొదలుపెట్టిన జలపొరల పటాల పథకంలో 2023 నాటికి సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు పూర్తి చేశారు. రాజస్థాన్ వంటి ఎడారి సీమల్లో 2021 నుంచి హెలికాప్టరుకు పరికరం వేలాడదీసి కూడా సర్వే చేశారు.

ఇంత పని జరిగినా మా నాయన చేతికి వచ్చింది టెంకాయే! పటాలు, నివేదికలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో లెక్క మండలానికో, పరీవాహక ప్రాంతానికో ఉంటుంది. రైతు అడిగేది తన గట్టు లోపలి సంగతి.

ఎక్కడ కాదు, ఎంత?

చదివేకొద్దీ నాకు ఇంకొకటి తోచింది. మేము అడిగే ప్రశ్నే సగం ప్రశ్న. నీళ్ళు ఎక్కడ అని అడుగుతాం, ఎంత అని అడగం.

మా జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరం మీద పడేది దాదాపు 22 లక్షల లీటర్లు. ఇలాంటి రాతి నేలల్లో వానలో పదోవంతు, అటూ ఇటూగా, లోపలికి ఇంకుతుందని ప్రభుత్వ అంచనాల్లో లెక్క. ఆ చొప్పున ఎకరానికి 2 లక్షల 20 వేల లీటర్లు. మా ఆరెకరాలకు 13 లక్షలు.

ఇక ఖర్చు వైపు చూడండి. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు పెడితే 48 లక్షల లీటర్లు కావాలి. మడిలోంచి కొంత మళ్ళీ ఇంకుతుందనుకున్నా లెక్క కుదరదు. అదే చెనక్కాయకు 500 మిల్లీమీటర్లు చాలనుకుంటే 20 లక్షలు. మేము రబీలో పెడుతున్నది ఎకరా వరి! అంటే మా బోరులోంచి తోడుతున్నది మా వాన ఒక్కటే కాదు. గుట్ట మీద పడినదీ, చెరువులో ఇంకినదీ, పక్క చేలదీ కూడా. పక్కవాళ్ళూ అదే చేస్తున్నారు. ఒక కుండకు పదిమంది గొట్టాలు పెట్టినట్టు. ఐదో బోరు వేస్తే కొత్త నీళ్ళు పుట్టవు, అదే కుండకు మరో గొట్టం చేరుతుంది.

మా తాడు కొలత

సెలవుల్లో ఈ లెక్క కాగితం మీద వేసి నాయనకు చూపాను. ఆయన ఒప్పుకోలేదు. "కాగితం సరే, లోపల ఎంతుందో ఎట్ల తెలిసేది?" అన్నాడు. మోటారుకు చాలని బోరు ఒకటి ఉంది గదా, దాని మూత తీసి, తాడుకు బరువు కట్టి వదిలాం. నీళ్ళను తాకిన చప్పుడు వినగానే తాడుకు ముడి వేసి కొలిచాం. మే నెలలో 118 అడుగులు. వానలయ్యాక అక్టోబరు చివర 98 అడుగులు. సంక్రాంతికి 107.

ఇరవై అడుగులు పైకి లేచిందని నాయన సంతోషపడ్డాడు. నేను మళ్ళీ లెక్క చెప్పాల్సి వచ్చింది. మన రాతిలో తోడుకోగలిగిన నీరు నూటికి ఒకటి రెండు పాళ్ళు. ఒక పాలు అనుకుంటే ఇరవై అడుగుల రాతిలో ఉన్నది రెండున్నర అంగుళాల నీళ్ళే. అరవై మిల్లీమీటర్లు. వానలో పదోవంతు అన్న లెక్కకు ఇది దగ్గరగానే వచ్చింది. అప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

బోరు లారీని ఈ ఏడు పిలవలేదు. రబీలో వరి బదులు ఎకరా చెనక్కాయ పెట్టాం. గాజులు అమ్మ చేతికే ఉన్నాయి. ఇది శాస్త్రం గెలుపని నేను చెప్పను. నిరుటి సంక్రాంతికి మట్టం ఎంతో మేము రాసుకోలేదు గనుక ఈ 107 మంచిదో చెడ్డదో మాకే తెలియదు. వచ్చే సంక్రాంతికి గాని తెలియదు.

నాయన ఇంకో ప్రశ్న వేశాడు. "మనం నిలిపితే పక్కాయప్ప నిలుపుతాడా?" 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బావుల రిజిస్ట్రేషన్, అనుమతుల గురించి చెబుతుంది. కాని చేను చేనుకూ కాపలా ఎవరు కాస్తారు? దారి చూపింది 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భ జల పథకం. అక్కడ రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పైర్లకు కావలసినవెన్ని అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ ఆపలేదు. లెక్క కళ్ళెదుట ఉంటే చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు.

మిత్రులారా, మన కాలేజీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు వందల్లో ఉన్నారు. వేసవికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు తమ ఊళ్ళో ఒక పాత బావిలోనో, వాడని బోరులోనో మట్టం కొలిచి, తేదీతో సహా రాసి తేగలరా? పాత బావి దగ్గర ఒంటరిగా వద్దు, తోడు ఉండాలి. కొలిచాక బోరు మూత మళ్ళీ గట్టిగా బిగించాలి. యూనియన్ ఒక పుస్తకం తెరిస్తే, జియాలజీ లెక్చరర్లు సరిచూస్తే, మూడేళ్ళలో మన ఊళ్ళ నీళ్ళ లెక్క తెలుగులో మన దగ్గరే ఉంటుంది. ఖర్చు ఒక తాడు, ఒక బరువు, ఒక నోటు పుస్తకం.

మా ఊరి మొదటి మూడు అంకెలు పైన రాశాను. ఆ పుస్తకంలో మొదటి పేజీకి అవి నా వంతు.