గ్రామవృద్ధుల మతిమరపు: పరిశోధనలో రైతుల వంతు



ముదిమియందు కొంత మరపు సహజము. కాని జీవితమంతయు దున్నిన చేనికి దారి తప్పుట, సంఘమునకు బాకీ చెల్లించియు చెల్లింపలేదని కలవరపడుట, అడిగిన మాటనే మరల మరల నడుగుట సహజము కావు. ఇవి మెదడు వ్యాధికి గురుతులు కావచ్చును. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. మనము చాదస్తమని తీసివేయుచున్నాము.

2023లో ప్రకటితమైన అఖిల భారత పరిశోధన ననుసరించి, 60 యేండ్లు నిండినవారిలో ఈ వ్యాధి గ్రామములందు నూటికి 8.4 మందికిని, పట్టణములందు 5.3 మందికిని కలదు. అయినను మరపును కొలుచు పరీక్షలు పెక్కు చదువుకొన్నవారికొరకే యేర్పడినవి. వాక్యము వ్రాయుమన్నచో, అక్షరము రాని వివేకియు రోగిగా లెక్కకు వచ్చును. ప్రదర్శన క్షేత్రమున పండిన వంగడమును రైతు పొలమున వేసి చూడనిదే గుణము తేలదని మేము చెప్పుచుందుము. ఇదియు నట్టిదే.

రోగి తోడ్పాటు లేక వైద్యుని శోధన సాగదు. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డు రాసు దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు హుసేన్‌ఖాన్ అను జ్వరపీడితుడు తన దేహమును దోమకాటున కొడ్డెను.

ఆ పొరుగుననే పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి యున్నది. అచ్చట డాక్టరు సువర్ణ అల్లాడి గారును, సహచరులును 648 మంది డిమెన్షియా రోగుల వివరములు పరిశీలించి 2013లో ఫలితము ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒకే భాష వచ్చినవారికంటె వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా నారంభమైనది. అక్షరజ్ఞానము లేనివారియందును ఈ భేదము కనబడెను. తెలుగు, ఉరుదు కలసి వినబడు మన సీమ ప్రజలే యీ సంగతిని లోకమునకు తెలిపిరి.

కాని ఆసుపత్రికి వచ్చినవారు మార్కెటు యార్డుకు చేరిన పంటవంటివారు. పొలమున మిగిలినదాని మాటయేమి? అందుచే బెంగుళూరులోని మెదడు పరిశోధన కేంద్రమువారు కోలారు జిల్లాలో, మామిడికి పేరొందిన శ్రీనివాసపురము తాలూకా పల్లెలకే పోయి, 45 యేండ్లు నిండిన 10,000 మందిని ఏండ్లతరబడి పరిశీలింప సంకల్పించిరి.

అట్టివారు మన గ్రామమునకు వచ్చినచో తలుపు మూయరాదు. తెలియక వేలిముద్రయు వేయరాదు. పత్రమును తెలుగున చదివించి వినుడు. రక్త మెందులకో, ఫలితము మనకు తెల్పుదురో లేదో యడుగుడు. ఇష్టము లేనప్పుడు మానుకొను హక్కు మీకు కలదు.

ఇంటిలో మరపు హెచ్చిన పెద్దలున్నచో వైద్యునికి చూపుడు. బి12 విటమిను కొరత, థైరాయిడు లోపమువలన గలిగిన మరపు చికిత్సచే తగ్గవచ్చును. రక్తపుపోటు, మధుమేహములను అదుపున నుంచుట, పొగాకు మానుట, చెవుడునకు చికిత్స చేయించుట మేలు. అట్టి పెద్దలచే సంఘపు కాగితములపై వేలిముద్ర వేయించునప్పుడు ఇంటివా రొకరు ప్రక్కన నుండుట యందరికిని క్షేమము.