పాత రేసు సైకిలు – దొరకని సామాను

సంచికకు ఏదైనా రాయమని యూనియన్ కుర్రాళ్ళు వచ్చి, "సార్, ఫిజిక్సు మాత్రం వద్దు" అని ముందే షరతు పెట్టారు. సరే, సైకిలు గురించి రాస్తానన్నాను. ఇందులో ఫిజిక్సు బొత్తిగా వుండదని మాత్రం మాట యివ్వలేదు.

యీ కాలేజీలో చదివి 1972లో అమెరికా వెళ్ళినవాళ్ళలో మా మావయ్య ఒకడు. అక్కడ విద్యార్థిగా వుండగా 1973లో ప్యూజో కంపెనీవారి యు.ఓ.8 అనే పది గేర్ల సైకిలు కొన్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో సైకిళ్ళకి విపరీతమైన గిరాకీ. ఫ్రాన్సులో తయారైన యీ మోడలు అక్కడి విద్యార్థుల చేతుల్లో బాగా కనబడేది. 1978లో తిరిగి వస్తూ మావయ్య దాన్ని చెక్కపెట్టెలో పెట్టి ఓడ మీద తెచ్చుకున్నాడు. వంపు తిరిగిన హ్యాండిల్ మీద వంగి ఆయన బీచిరోడ్డున పోతూంటే చూసినవాళ్ళు పూర్వవిద్యార్థుల్లో యింకా వుండే వుంటారు. తరువాత సైకిలు అటకెక్కింది. సముద్రపు గాలి తన పని తాను చేసుకుపోయింది.

రెండేళ్ళ క్రితం ఒకరోజు "ఒరేయ్, దాన్ని ఒక్కసారి తొక్కాలనుందిరా" అన్నాడు. ఆయనకి డెబ్బై అయిదు దాటాయి. చూద్దాంలే అని వాయిదా వెయ్యడానికి వీల్లేని కోరిక అది.

తుడిచి చూస్తే ఫ్రేము బాగానే వుంది. కాని క్రాంకులు పట్టుకు వూపితే లొడలొడమంటున్నాయి. క్రాంకులు రెండిటినీ కలిపే ఇరుసు ఫ్రేము అడుగున ఒక గొట్టంలో తిరుగుతుందని అందరికీ తెలుసు. ఆ గొట్టానికి రెండువైపులా లోపల మరలు కోసి వుంటాయి. వాటిలో రెండు కప్పులు బిగించి, కప్పుకీ ఇరుసుకీ మధ్య పావు అంగుళం బాల్సు వేస్తారు. మా మేస్త్రి ఎడమ కప్పు తీసి చూపించాడు. లోపల బాల్సు నడిచే దారంతా మశూచికం పోసినట్టు గుంటలు పడింది. కప్పు మారిస్తే సరి. అక్కణ్ణించి మొదలైంది అసలు కథ.

కుడివైపు కప్పు కూడా తీసి చూద్దామనుకున్నాం. నలభై ఏళ్ళ అనుభవం వున్న మనిషి. కుడి కప్పుది ఎడమ మర అని ఆయన చెయ్యే చెబుతుంది. రెంచి వేసి గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పాడు. రాలేదు. రెంచికి పొడుగాటి గొట్టం తొడిగి యిద్దరం కలిసి వేలాడాం. అయినా రాలేదు. పోనీ ముందు కొత్త ఎడమ కప్పు పెట్టి చూద్దామని ఒకటి తెచ్చి తిప్పితే, రెండు చుట్లు హాయిగా వెళ్ళి ఆగిపోయింది. "కాస్త బలం పెడితే అదే దారి చేసుకుంటుంది మాష్టారూ" అన్నాడు మేస్త్రి. చేసుకుంటుంది, నిజమే. కప్పు గట్టిపరచిన ఉక్కు. ఫ్రేము గొట్టం అంతకన్నా మెత్తన. కప్పు తన దారి తాను కోసుకుంటుంది, ఫ్రేము లోపలి మరలు చెక్కుకుపోతాయి. కప్పు పోతే యింకో కప్పు, ఫ్రేము పోతే యిక సైకిలే లేదు. ఒక్కరోజు ఆగమని బతిమాలి పాత కప్పు జేబులో వేసుకుని లాబుకి వెళ్ళాను.

ఇక్కడ ఫిజిక్సు వస్తుంది, మన్నించాలి. మన సైకిళ్ళన్నీ ఇంగ్లీషు పద్ధతివి. కప్పు బయటి వ్యాసం 1.37 అంగుళాలు, అంటే 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. ఫ్రెంచివాళ్ళది మెట్రిక్ పద్ధతి: 35 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ మధ్య సరిగ్గా 1 మి.మీ. వ్యాసంలో తేడా 0.2 మి.మీ. మాత్రమే. తుప్పుపట్టిన పాత కప్పు మీద అంత చిన్న తేడా వెర్నియర్ పెట్టినా నమ్మకంగా తేలదు. కనుక వ్యాసాన్ని నమ్ముకోకూడదు, మరలు లెక్కపెట్టాలి. పది మరల దూరం కొలిస్తే ఇంగ్లీషు కప్పు 10.6 మి.మీ. చూపిస్తుంది, ఫ్రెంచిది 10 చూపిస్తుంది. నాది 10 చూపించింది. కొత్త కప్పు రెండు చుట్లు వెళ్ళి ఎందుకాగిందో అప్పుడర్థమైంది.

ఇంకొక తేడా వుంది. ఇంగ్లీషు బళ్ళలో కుడి కప్పుది ఎడమ మర. ఫ్రెంచి బళ్ళలో రెండూ మామూలు కుడి మరలే. అంటే మేమిద్దరం గొట్టం తొడిగి వేలాడింది కప్పుని విప్పడానికి కాదు, యింకా బిగించడానికి! మర్నాడు వెనక్కి తిప్పితే కీచుమని అరిచి వూడింది. మేస్త్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు, నాకూ ముఖం చెల్లలేదు. ఇంగ్లీషువాళ్ళు అటువైపు ఎడమ మర పెట్టింది వూరికే కాదు. తొక్కుతూంటే బాల్సు దొర్లే తీరుకి కుడి కప్పు మెల్లమెల్లగా వెనక్కి తిరగాలని చూస్తుంది. ఎడమ మర అయితే ఆ తిరుగుడుకి బిగుసుకుంటుంది, కుడి మర అయితే వదులవుతుంది. అందుకే ఫ్రెంచి బండికి కుడి కప్పు చాలా గట్టిగా బిగించాలి. అదృష్టవశాత్తూ ఆ కప్పు లోపల అద్దంలా వుంది.

ఇక కావలసింది ఎడమ కప్పు ఒక్కటి. "ప్యూజో బి.బి. కప్పు వుందా?" అని అడిగిన చోటల్లా లేదన్నారు. 1980లలో ఫ్రెంచి కంపెనీలు కూడా ఇంగ్లీషు కొలతకి మారిపోయాయి గనుక వుండకపోవడంలో వింత లేదు. నేను అడగడంలోనే పొరపాటుంది. కప్పుకి కంపెనీ పేరుతో పనిలేదు, కొలతతోనే పని. అప్పట్లో స్విస్ పద్ధతి అని ఇంకొకటి వుండేది. అది కూడా 35 మి.మీ., 1 మి.మీ. మరే, కుడి కప్పు ఒక్కటే ఎడమ మర. అంటే స్విస్ ఎడమ కప్పు, ఫ్రెంచి ఎడమ కప్పు ఒకటే. 1970లలో మోటోబెకాన్ అనే మరో ఫ్రెంచి కంపెనీ యీ స్విస్ మర చాలా బళ్ళకి వాడింది. ఇది తెలియగానే న్యూజెర్సీలో వున్న వదినకి, అంటే మావయ్య కూతురికి, ఫోన్ చేశాను. "ప్యూజో అనకు, మోటోబెకాన్ ఎడమ కప్పు అని అడుగు. స్కేలు వెంట తీసుకెళ్ళి పది మరలు కొలువు" అన్నాను. మూడో షాపులో, ఒక బిస్కెట్ల డబ్బాలో దొరికిందట. లోపలి దారి నున్నగా వుందో లేదో వేలుతో తడిమి చూసి మరీ పంపింది.

ఇలాంటి కప్పు లేతుమిషను మీద చేయించుకోకూడదా అని మెకానికల్ విద్యార్థులు అడిగారు. మర కొయ్యడం కష్టం కాదు. బాల్సు నడిచే దారిని గట్టిపరచి నున్నగా గ్రైండ్ చెయ్యాలి, అదీ కష్టం. మెత్తటి ఇనుముతో చేస్తే త్వరలోనే మళ్ళీ గుంటలు పడతాయి. కాటర్ పిన్ను సంగతి వేరు. అది మెత్తగానే వుండాలి. సుత్తి దెబ్బలకి మా పిన్నులు వంగిపోయాయి. అమెరికాలో మామూలు షాపులు ఎప్పుడో మరచిపోయిన యీ వస్తువు మన వీధి చివర కొట్లో గుప్పెడు దొరుకుతుంది! అవి 9.5 మి.మీ.వి, మా క్రాంకు బెజ్జం 9. లేతు మీద అరమిల్లీమీటరు తీయించాం, సరిపోయాయి. డబ్బాలో ఇంకో జత దాచాను.

పెడల్ మరలు కూడా వేరే, 14 మి.మీ. ఇంగ్లీషు పెడల్ మర 9/16 అంగుళం, అంటే 14.3 మి.మీ.; మరల దూరం దాదాపు ఒకటే. అందుకని క్రాంకు బెజ్జంలో 9/16 ట్యాపు కుడికీ ఎడమకీ విడివిడిగా దింపి ఇంగ్లీషు పెడళ్ళు వేశాం. ఫ్రేము మీద చెయ్యనివ్వని పని క్రాంకు మీద ఎలా చేశావని అడగవచ్చు. క్రాంకు మార్చుకోదగ్గ వస్తువు గనుక. సింప్లెక్స్ వారి ప్లాస్టిక్ గేరు పగిలిపోయింది. మన వూళ్ళో గేర్ల సైకిళ్ళకి వేసే కొక్కెం రకం గేరే దానికీ పట్టింది.

టైర్ల దగ్గర చాలామంది మోసపోతారు. మావయ్య బండి చక్రం 27 అంగుళాలు. మన మామూలు సైకిలు టైరు మీద 28 x 1½ అని వుంటుంది. ఒక్క అంగుళమేగా, సాగదీసి ఎక్కిద్దామనుకోకండి. అంగుళాల అంకెలు పేర్లే గాని కొలతలు కావు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో మి.మీ.లో మరో అంకె వుంటుంది. అదే రిమ్ము మీద కూర్చునే వ్యాసం. 27 అంగుళాలకి 630, మన 28 x 1½కి 635, ఇప్పటి రేసు చక్రాలకి 622. 635 టైరు 630 రిమ్ము మీద వదులుగా కూర్చుని, గాలి కొట్టగానే వూడి పోతుంది. 630 అని రాసి వున్నదే వెతికి తెప్పించాం.

మీ యింట్లో తాతగారి రాలీ వుంటే కష్టం యింకొకలా వుంటుంది. నాటింగ్‌హామ్‌లో చేసిన పాత రాలీలకి కంపెనీ సొంత మర, అంగుళానికి 26. కనుక ఇంగ్లీషు బండే కదా అని 24 మరల కప్పు దూర్చకండి. వెనక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు వుంటే చాలావాటి మీద తయారైన సంవత్సరం అంకెల్లో కొట్టి వుంటుంది, తుడిచి చూడండి. ఆ కంపెనీ 2000లో తైవాన్ వాళ్ళ చేతికి పోయింది గాని పేరు మిగిలింది, మూడు గేర్ల హబ్బులు యిప్పటికీ వస్తున్నాయి.

మొన్న సంక్రాంతి ముందు ఒక పొద్దున సైకిలు కిందికి దించాం. మేస్త్రి కూడా వచ్చాడు. మావయ్య క్రాంకు పట్టుకుని అటూ యిటూ వూపి చూశాడు. చప్పుడు లేదు. వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చి, "గేర్లు బాగున్నాయిరా. సీటు మాత్రం రెండంగుళాలు దించు" అన్నాడు.