మేనత్తను మరిచిన కాగితం

మీ మేనత్త ఏ జబ్బుతో పోయారో మీకు తెలుసా? మేమూ పట్టించుకోలేదు. మా మేనత్తను నాగర్‌కర్నూలు ఇచ్చారు. ఆడపిల్ల అత్తారింటికి పోయాక ఆమె జబ్బులూ అక్కడి లెక్కే కదా!

మాది వనపర్తి. గద్వాలలో ఇచ్చిన మా అక్కకు 41 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చిన్న వయసు కాబట్టి జన్యు పరీక్ష చేయించమని హైదరాబాదు డాక్టరుగారు ఒక కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషే. ఇంటర్ చదివిన నేను కూడబలుక్కుని చదివాను. 'ఆంట్'లకు ఉందా అని అడిగారు. పెద్దమ్మకు, చిన్నమ్మకు లేదు కదా అని 'లేదు' రాశాం. "మీ నాన్నగారి అక్కచెల్లెళ్ళు?" అని అక్కడి అమ్మాయి నోటితో అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. మేనత్త నలభై దాటగానే రొమ్ములో గడ్డతోనే పోయింది.

బి.ఆర్.సి.ఎ. 1, 2 అనే జన్యువులు ఆడా మగా అందరికీ ఉంటాయి. 1994, 95లలో వీటిని కనుక్కున్నారు. వీటిలో చెడు మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల భయం ఎక్కువ. ఆ మార్పు తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తుంది. ఒక్కో బిడ్డకు సగం అవకాశం. అయితే రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి వందకు అయిదు నుంచి పదే.

నన్నడిగితే ఆ కాగితం తెలుగులో నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త, చిన్నమ్మ అని పేరుపేరునా అడగాలి. మేనమామ భార్య మామూలుగా లెక్కలోకి రాదు. కానీ మేనరికమైతే అత్తగారే మేనత్త! ఆ గడి ఇంగ్లీషు కాగితంలో ఎక్కడుంటుంది? 2017లో హైదరాబాదు ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్ళు రొమ్ము ఆరోగ్యం గురించి తెలుగులో కూడా ఫోన్ యాప్ తెచ్చారు. తెలుగులో రాయలేం అనడానికి లేదు మరి.

శాతాలు అక్కకు ఎక్కలేదు. పళ్ళెంలో వంద పల్లీలు పోశాను. మన దేశంలో మామూలుగా ముగ్గురు నలుగురికి వస్తుంది. చెడు మార్పు ఉన్నవాళ్ళలో 80 ఏళ్ళ లోపు దాదాపు 70 మందికి రావచ్చు (ఇది ఎక్కువగా పడమటి దేశాల కుటుంబాలను చూసి 2017లో చెప్పిన లెక్క). మిగిలిన ముప్ఫై పల్లీలు పక్కకు తీసి, "వీళ్ళకు రాదక్కా" అన్నాను. కూతుళ్ళను తలుచుకుని కుమిలిపోతున్న అక్క అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

ఇంకో మాట. కరోనా తర్వాత 'పాజిటివ్' అంటే జబ్బు అంటుకుందనే మన ఊళ్ళలో అర్థం. 'మార్పు ఉంది, ఇది జబ్బు కాదు' అని రాస్తే పోదా! 'అర్థం తేలని మార్పు' అనే మూడో జవాబూ వస్తుంది. దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కు పరుగెత్తకూడదు.

అక్కకు మార్పు ఉందని తేలింది. పెద్దమ్మాయికి 23. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, అయినా పరీక్షకు తయారైంది. చిన్నదానికి పదహారే, 18 నిండాక తనే ఆలోచించుకోవచ్చన్నారు. మేనత్త కొడుకులకు ఫోన్ చేస్తే "మగవాళ్ళం, మాకెందుకు?" అన్నారు. వాళ్ళకూ ఆడపిల్లలున్నారు. ఈ ఆదివారం పల్లీలు మూటగట్టుకుని నాగర్‌కర్నూలు పోతున్నాను.