మధ్యలో మందులెందుకు మానేస్తారు?

అమెరికాలో నల్లవారికి వైద్యం దగ్గర రంగు అడ్డొస్తే, మన దగ్గర కులం అడ్డొస్తోంది. అనంతపురం కరువు పల్లెల్లో ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి పోవడమే కష్టం. అంత కష్టపడి పోతే "ఏ కాలనీ?" అని అడిగి, చెయ్యి పట్టి చూడకుండా, మాత్రలు దూరం నుంచి విసరడం మేము చూశాము. అలా అవమానపడిన అమ్మ మళ్లీ ఆ గడప తొక్కదు.

క్షయకు కనీసం 6 నెలలు మందులు వాడాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది, క్రిములు ఆ మందులకు లొంగకుండా పోతాయి. అప్పుడు "వీళ్లకు తెలివి లేదు" అని రోగినే తిడతారు.

మన దేశంలో దళిత స్త్రీల సగటు మరణ వయసు అగ్రకుల స్త్రీలకంటే 14.6 ఏళ్లు తక్కువని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక తెలిపింది. మంచినీళ్లు, పారిశుధ్యం, వైద్యం సరిగా అందకపోవడమే కారణమని చెప్పింది.

1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడమే కాదు, చేర్చుకున్నాక వివక్ష చూపడమూ నేరమే. హాస్టళ్లకూ అదే సెక్షన్ వర్తిస్తుంది.

ఈ సెలవుల్లో మనలో ఒక్కొక్కరం ఒక రోగికి తోడుగా ఆసుపత్రికి పోదాం. చీటీ చదివి చెబుదాం. మందులు మానకుండా చూద్దాం.