చెరిపినను తరగని లెక్కల ఫైలు

మా సంఘపు కంప్యూటరులో నూలు పంపిణీ, మజూరి లెక్కల ఫైలు నానాటికి పెరిగి, డిస్కు నిండి, పని ఆగినది. గుమాస్తాగారు పాత నూలు పద్దులు చెరిపివేసిరి. ఫైలు ఒక్క బైటయినను తగ్గలేదు! ఇక మజూరి బకాయిల పద్దులు కూడ చెరుపబోగా వారించితిమి. అవి పోయిన నేత సోదరులకు రావలసిన సొమ్ముకు రుజువేది?

ఎస్‌క్యూలైట్ అను ఈ పద్ధతిలో ఫైలు పుటలుగా నుండును. 2016 నుండి వచ్చిన కూర్పులలో సాధారణముగా పుటకు 4,096 బైట్లు. పద్దులన్నియు చెరిపిన పుట ఖాళీ యగునే గాని పుస్తకమునుండి ఊడిపోదు. క్రొత్త పద్దుకై కాచుకొని యుండును. కనుక ముందు పేజ్ కౌంట్, ఫ్రీలిస్ట్ కౌంట్ అను రెండు లెక్కలు అడుగవలెను. మాకు 50,000 పుటలలో 31,000 ఖాళీ యని తేలినది.

దానిని తగ్గించు ఆజ్ఞ వేక్యూమ్. దీనికి ఫైలుకు రెండింతల వరకు ఖాళీ చోటు కావలసి వచ్చును. నిండిన డిస్కుపై నడువదు. అందరిచేత ప్రోగ్రాము మూయించి, పెద్ద డిస్కుపై నకలు తీసి, అక్కడ నడిపితిమి. ఫైలు 19,000 పుటలలోపునకు దిగినది. మజూరి పద్దు ఒక్కటియు పోలేదు.

ప్రక్కన వాల్ అను తోకతో మరొక ఫైలు కనబడిన, దానిని చేతితో తీసివేయరాదు. నిన్న వ్రాసిన పద్దులు ఇంకను దానిలోనే యుండవచ్చును.