నాటకం ఆడిషన్‌కి మోనోలాగ్ ఎలా ఎంచుకోవాలి?

"అన్నా, నాటకం ఆడిషన్‌కి ఏ డైలాగ్ చెప్పాలి?" అని నన్ను చాలామంది అడుగుతున్నారు. మా నాటక బృందానికి నటుల్ని ఎంచుకునేటప్పుడు నేను బల్లకి అటువైపు కూర్చుంటాను. అక్కణ్ణుంచి నాకు కనిపించేది చెప్తాను.

ముందుగా, సినిమా డైలాగ్ వద్దు. మీరు ఎంత బాగా చెప్పినా, వినేవాళ్ళ చెవిలో ఆ హీరో గొంతే మోగుతుంది. మీరు కనబడరు.

మరి ఏది? పాత్రకి ఎదుటివాళ్ళ దగ్గర ఏదో ఒకటి కావాల్సిన చోటు వెతకండి. గురజాడ 'కన్యాశుల్కం'నే తీసుకుందాం. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. ఆయన వేశ్యల ముఖం కూడా చూడనని పట్టుబట్టిన లాయరు. లుబ్ధావధాన్లుని కాపాడే నిజం ఆమె దగ్గరుంది. చూడండి, ఆమెకి ఒక పని ఉంది, ఒక అడ్డంకి ఉంది, దాచుకున్న రహస్యం ఉంది. నటించడానికి మీకు కావాల్సినంత సరుకు దొరికినట్టే.

గిరీశం మొదటి సీను చాలామంది ఎంచుకుంటారు. ఇంగ్లీషు ముక్కలతో నవ్వించాలని చూస్తారు. కానీ అతను విజయనగరంలో అప్పులవాళ్ళకి మొహం చూపించలేక, ఊరు దాటే దారి వెతుకుతున్నాడు. ఆ భయం లోపల ఉంటేనే పైన డాబు నవ్వొస్తుంది. అందుకే ఆ ఒక్క పేజీ కాదు, నాటకం మొత్తం చదవండి. ముందేం జరిగిందో తెలియకుండా మాట బరువు తెలీదు.

ఇక ప్రాక్టీసు. రెండు నిమిషాలు అంటే ఒకటిన్నర నిమిషానికే కుదించుకోండి, మధ్యలో ఆగడానికి చోటుంటుంది. ఎదుటి పాత్ర ఎక్కడుందో ముందే ఖాయం చేసుకోండి. ప్యానెల్‌లో ఒకరి కళ్ళలోకే చూస్తూ మాట్లాడితే వాళ్ళు నోట్స్ రాసుకోలేరు. వాళ్ళ తలల మీదుగా కాస్త పైన ఒక చోటు పెట్టుకోండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, ముందు స్క్రీన్ చూడకుండా వినండి. వాక్యం చివరి మాట మింగేస్తున్నారా? మనలో చాలామందికి ఆ అలవాటుంది. తెలుగులో క్రియ చివరే వస్తుంది కదా, అది మింగితే అర్థమే పోతుంది.

ఒక్కోసారి, "ఇదే మళ్ళీ, గుసగుసగా చెప్పు" అంటారు. కంగారు పడొద్దు, తప్పు చేశారని కాదు. మీరు మాట వింటారా, మారగలరా అని చూస్తున్నారు. అందుకే ఇంట్లోనే కోపంగా, నవ్వుతూ, రహస్యంగా, మూడు రకాలుగా చెప్పి చూడండి. ఒకే రకంగా బట్టీపట్టినవాళ్ళు అక్కడే ఇరుక్కుంటారు.

యాస గురించి భయపడుతుంటారు కదా? మీ ఊరి యాస లోపం కాదు, పాత్రకి సరిపోతే అదే మీ బలం. సరిపోని చోట మార్చుకోవడం నేర్చుకోండి, అంతే.

ఈ వారం ఒక నాటకం పూర్తిగా చదవండి. మీ పాత్రకి ఎవరి దగ్గర ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే, ఆ మోనోలాగ్ పక్కన పెట్టి ఇంకోటి వెతకండి. ఉంటాను మరి!