పడుకునే చోటు మారినా బడి మారక్కర్లేదు

2022–23 విద్యా సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల్లో 13,74,537 మందికి నిలకడైన ఇల్లు లేదు. ఇది ఎవరో వేసిన అంచనా కాదు. బడులే గుర్తించి, నమోదు చేసి, కేంద్ర విద్యాశాఖకు పంపిన లెక్క. అంతకు ముందు ఏడాది 12 లక్షల పైచిలుకు ఉన్న సంఖ్య ఏడాది తిరిగేసరికి 14 శాతం పెరిగింది.

ఇల్లు లేని పిల్లలనగానే వంతెన కిందో, బస్టాండులోనో పడుకున్నవాళ్లు గుర్తొస్తారు. కానీ ఈ లెక్కలో కార్లలో, పార్కుల్లో, మనుషులు ఉండదగని కట్టడాల్లో రాత్రి గడిపినవాళ్లు నూటికి నలుగురే. పదిమందిలో ఒకరి కంటే కాస్త ఎక్కువ మంది షెల్టర్లలో, ఒకరి కంటే కాస్త తక్కువ మంది మోటెల్ గదుల్లో ఉన్నారు. మిగిలినవాళ్లు, అంటే ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు, వేరేవాళ్ల ఇళ్లలో ఉన్నారు. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి పిన్ని వాళ్ల హాల్లోనో, నాన్న స్నేహితుడి బేస్‌మెంట్లోనో సర్దుకున్న కుటుంబాలవి. పిల్ల పొద్దున్నే తల దువ్వుకుని బ్యాగు తగిలించుకుని బడికొస్తుంది. రాత్రి ఎక్కడ పడుకుందో టీచరుకు తెలిసే వీల్లేదు.

అమెరికాలోనే మరో శాఖ లెక్క పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. గృహ, పట్టణాభివృద్ధి శాఖ ఏటా జనవరిలో ఒక రాత్రి ఎంచుకుని షెల్టర్లలోనూ, ఆరుబయటా ఉన్నవాళ్లను లెక్కపెట్టిస్తుంది. 2024 జనవరిలో అన్ని వయసులవాళ్లూ కలిపి తేలింది 7,71,480 మంది. అందులో పిల్లలు దాదాపు లక్షన్నర. బడుల లెక్క ఏడాది పొడుగునా సాగేది, వాళ్లది ఒక్క రాత్రిది కాబట్టి కొంత తేడా సహజమే. అసలు తేడా మాత్రం నిర్వచనంలో ఉంది. ఇంకొకరి ఇంట్లో తలదాచుకున్నవాళ్లు ఆ శాఖ లెక్కలోకి రారు. బడి లెక్కలోకి వస్తారు. బడుల ఈ లెక్క వెనక ఒక చట్టం ఉంది. అది చేసిన మంచి పనుల్లో నన్నడిగితే మొదటిది ఇదే.

ఆ చట్టం పేరు మెకిన్నీ–వెంటో. 1987 జూలై 22న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. కనెక్టికట్ రిపబ్లికన్ సభ్యుడు స్టూవర్ట్ మెకిన్నీ పేరుతో మొదలై, 2000లో మిన్నెసోటా డెమొక్రాట్ బ్రూస్ వెంటో పేరు కూడా కలుపుకుంది. 2015లో జరిగిన సవరణలతో ఇప్పటి రూపానికొచ్చింది. దాని కొలబద్ద మూడు మాటలు. రాత్రి పడుకునే చోటు స్థిరంగా ఉండాలి, రోజూ అదే అయి ఉండాలి, మనిషి బతకడానికి సరిపడేదై ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పిల్లలకు చట్టం వర్తిస్తుంది.

మొదటి హక్కు వెంటనే చేర్చుకోవడం. పుట్టిన తేదీ పత్రం లేదని, టీకాల కార్డు దొరకలేదని, చిరునామా రుజువు చూపలేదని, పాత బడి రికార్డులు రాలేదని ఆపకూడదు. పాత బడిలో కట్టాల్సిన జరిమానా మిగిలి ఉందన్నా, దరఖాస్తు గడువు దాటిందన్నా చెల్లదు. ముందు తరగతిలో కూర్చోబెట్టాలి, కాగితాల సంగతి బడే చూసుకోవాలి. ఇల్లు ఖాళీ చేయించిన రోజున సామానంతా గుమ్మం బయట పడ్డ కుటుంబం దగ్గర ఫైలు భద్రంగా ఉంటుందని ఎలా అనుకుంటాం? మన 2009 విద్యాహక్కు చట్టం కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతాయి. టీసీ లేదని తిప్పిపంపితే ఈ సెక్షన్ల పేరెత్తి అడగగలిగే తల్లిదండ్రులు మన దగ్గర ఎందరున్నారు?

రెండో హక్కు దగ్గర మాత్రం అమెరికా చట్టం మన చట్టం కంటే చాలా ముందుకెళ్లింది. ఇల్లు పోయాక కుటుంబం ఎక్కడికి మారినా పిల్ల పాత బడిలోనే కొనసాగవచ్చు. పిల్ల మేలు అందులోనే ఉందని చట్టం ముందే అనుకుంటుంది. తల్లిదండ్రులు వద్దంటేనో, అది పిల్లకు మంచిది కాదని బడి సరైన కారణాలతో చూపిస్తేనో తప్ప మార్చకూడదు. మధ్యలో మళ్లీ స్థిరమైన ఇల్లు దొరికినా ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా ఈ హక్కు పోదు. తల్లిదండ్రులు అడిగితే రానుపోను ప్రయాణం కూడా బడే చూడాలి. కుటుంబం వేరే స్కూల్ డిస్ట్రిక్టులోకి మారితే ఖర్చెవరిదన్న తగాదా వస్తుంది కదా. దానికీ జవాబు చట్టంలోనే ఉంది: రెండు డిస్ట్రిక్టులూ మాట్లాడుకోవాలి, ఒప్పందం కుదరకపోతే చెరిసగం భరించాలి. బడి కాదన్నప్పుడు కారణం రాసివ్వాలి, అప్పీలు తేలేవరకు పిల్ల కోరిన బడిలోనే ఉంటుంది. నిర్ణయం ఆలస్యమైనా పిల్ల పాఠం పోకుండా కట్టుదిట్టం చేశారు.

ఉచిత మధ్యాహ్న భోజనానికి దరఖాస్తు అక్కర్లేదు, ఇల్లు లేని పిల్లల జాబితాలో పేరుంటే చాలు. తల్లిదండ్రుల తోడు లేకుండా ఒంటరిగా ఉంటున్న టీనేజర్లు కాలేజీ ఆర్థిక సాయానికి అమ్మానాన్నల ఆదాయ వివరాలు చూపనవసరం లేదు.

ఇన్ని హక్కులూ ఒక మనిషి చేతుల మీదుగా నడవాలి. ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ ఇందుకోసం ఒక లియజాన్‌ను, అంటే ఈ పిల్లల బాధ్యత చూసే అనుసంధాన అధికారిని, నియమించాలన్నది చట్టం. చాలాచోట్ల ఆ మనిషికి ఇది నాలుగో బాధ్యతో, ఐదో బాధ్యతో. కేంద్రం ఈ కార్యక్రమానికి 2024లో ఇచ్చింది 12.9 కోట్ల డాలర్లు. దాన్ని 2022–23లో నమోదైన పిల్లల సంఖ్యతో భాగిస్తే తలకు ఏడాదికి సుమారు 94 డాలర్లు. బడి నడిచేవి 180 రోజులనుకుంటే రోజుకు అర డాలరు. పైగా ఈ డబ్బు అందరికీ అందదు. పోటీపడి గ్రాంటు తెచ్చుకున్న డిస్ట్రిక్టులు నాలుగో వంతుకు అటూ ఇటూ. మిగిలినవాటికి బాధ్యతలు అవే, ఈ గ్రాంటు మాత్రం ఉండదు. కోవిడ్ తర్వాత 2021లో ఒకేసారి 80 కోట్ల డాలర్లు వచ్చినప్పుడు లియజాన్లకు సహాయకులు దొరికారు, మోటెల్ గదులకు డబ్బు కట్టగలిగారు. ఆ డబ్బు కేటాయించుకునే గడువు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. పిల్లల సంఖ్య పెరుగుతున్న రోజుల్లోనే డబ్బు ఆగిపోవడం నాకు మింగుడుపడని విషయం.

చూసే మనిషి లేకపోతే లెక్క ఏమవుతుందో కోవిడ్ ఏడాది చెప్పింది. 2018–19లో 13.87 లక్షలున్న పిల్లలు 2020–21కి సుమారు 11 లక్షలయ్యారు. ఉద్యోగాలు ఊడిన కాలంలో ఇళ్లు లేనివాళ్లు తగ్గారంటే నమ్మశక్యం కాదు. బడులు మూతపడ్డాయి, పిల్లల్ని గమనించే కళ్లు లేకుండా పోయాయి. సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ 2022లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, హక్కు ఉండి కూడా లెక్కకెక్కని పిల్లలు దాదాపు 3 లక్షలు.

లెక్కకెక్కడమన్నది చాలాసార్లు ఒక్క కాగితం మీద ఆధారపడుతుంది. బడిలో చేరేటప్పుడు ఇచ్చే ఫారాల దొంతరలో నివాస వివరాల పత్రం ఒకటి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తయారుచేసిన చోట 'మీకు ఇల్లు లేదా?' అని అడగరు. ‘విద్యార్థి ప్రస్తుతం రాత్రిపూట ఎక్కడ ఉంటున్నారు?’ అని అడిగి కింద గడులు ఇస్తారు: ఇల్లు పోయినందువల్ల బంధువుల లేదా స్నేహితుల ఇంట్లో, మోటెల్లో, షెల్టర్లో, కారులో. ‘మేం ఇల్లు లేనివాళ్లం’ అని రాయమంటే పెన్ను కదలని తల్లి కూడా మొదటి గడిలో టిక్కు పెట్టగలదు.

చదువు మీద దెబ్బ ఎంత? 2018–19లో హైస్కూలు నాలుగేళ్లలో పూర్తిచేసినవాళ్లు దేశం మొత్తం మీద 86 శాతం, పేద కుటుంబాల పిల్లల్లో 80 శాతం, ఇల్లు లేని పిల్లల్లో 68 శాతం. రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్న 12 పాయింట్లను జాగ్రత్తగా చూడాలి. ఇది పేదరికం ఒక్కటే తెచ్చిన దెబ్బ కాదు, చోటు మారుతూ ఉండడం దాని మీద పడ్డ అదనపు దెబ్బ. షికాగో విశ్వవిద్యాలయంలోని చేపిన్ హాల్ 2017లో ఇదే దారిని రెండో వైపు నుంచి చూపించింది. హైస్కూలు పూర్తిచేయని యువతకు ఇల్లు లేకుండాపోయే ముప్పు మిగతావాళ్లకంటే 346 శాతం ఎక్కువని తేల్చింది.

న్యూయార్క్ నగరంలో 2023–24లో ఇల్లు లేని విద్యార్థులు 1,46,000 మంది, ఎనిమిది మందిలో ఒకరు. శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో బ్యూనా విస్టా హొరేస్ మాన్ బడి 2018 నుంచి తన జిమ్‌ను రాత్రిపూట కుటుంబాలు పడుకునేందుకు ఇచ్చింది. చట్టం అంతదాకా చేయమని చెప్పలేదు. బడివాళ్లే చేశారు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది పరాయి విషయమేమీ కాదు. హెచ్1బీ ఉద్యోగం పోయి, 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాల్సిన స్థితిలో అద్దె మోయలేక అన్నయ్యగారింటికో, స్నేహితులింటికో పిల్లలతో మారినవాళ్లు చట్టం చెప్పిన నిర్వచనంలోకి రావచ్చు. డబ్బు మిగుల్చుకుందామని ఇష్టపడి కలిసి ఉంటే మాత్రం వర్తించదు. ఇల్లు పోవడమో, ఆర్థిక ఇబ్బందో, అలాంటి కారణమో ఉండాలి. వీసా గడువు సంగతి చూసుకుని బడికి వెళ్దామని ఆగక్కర్లేదు. వలస పత్రాలు లేవని ప్రభుత్వ బడి పిల్లల్ని కాదనకూడదని సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో తీర్పులో చెప్పింది. చేయాల్సిన పని చిన్నదే. బడి ఆఫీసులో మెకిన్నీ–వెంటో లియజాన్ ఎవరని అడిగి, ఇల్లు ఎప్పుడు, ఎందుకు వదిలారో, ఇప్పుడు ఎవరింట్లో ఉంటున్నారో చెప్పాలి. పాత బడికి బస్సు కావాలంటే అదే రోజు అడగాలి. కాదంటే కారణం రాసివ్వమనాలి.